ఊరియా మోసిన ఉత్తరం

దావీదు కథ మా మాదిగపల్లెలో ఎవరికీ కొత్త కాదు. అక్షరం ముక్క రాని ముసలోళ్ళు కూడా గొల్యాతు నుదుటికి రాయి తగిలిన దగ్గర్నుంచి అబ్షాలోము తల చెట్టుకొమ్మల్లో ఇరుక్కుని వేలాడినదాకా వరస తప్పకుండా చెప్పేస్తారు. చిన్నప్పుడు మేం జొన్నచేలో వడిసెలతో పిట్టల్ని కొడుతూ మేమే దావీదులమనుకునేవాళ్ళం. చేను మాది కాదు. పిట్టల్ని తోలే కూలి మాత్రం మాది. గొర్రెలు కాసుకునేవాడు రాజయ్యాడు అనే మాటలో మా పెద్దోళ్ళకి ఎంత ఆశ ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. మా జిల్లాలోనే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ధాత కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వే పని ఇప్పిస్తే బతికి బయటపడ్డ జనం. మా ముత్తాత తండ్రి ఆ నీళ్ళలో మునిగినవాడేనని అమ్మ చెబుతుంది. రుజువేమీ లేదు. మా పల్లెలో ప్రతి ఇంట్లోనూ అదే చెబుతారు.

అయితే దావీదు పడిపోయిన కథ కొచ్చేసరికి మా అయ్యగార్లు తీసే నీతులు వేరు. రాజులు యుద్ధానికి పోయే కాలంలో ఇంట్లో కూర్చున్నాడు కాబట్టి సోమరితనం పాపానికి తలుపు తీస్తుందని ఒకాయన. సాయంత్రంపూట మేడమీద ఊరికే తిరగకూడదని ఒకాయన. (మా పల్లెలో అప్పటికి మేడలే లేవు.) ఆడది ఒళ్ళు కనపడేట్టు స్నానం చేస్తే ఎంతటి దైవజనుడైనా పడిపోతాడని ఇంకొకాయన. చివరికి అందరూ వచ్చి చేరేది ఒకచోటికే. పాపం చేశాడు, మారుమనస్సు పొందాడు, దేవుడు క్షమించాడు, కాబట్టి నువ్వూ ఒప్పుకో. ప్రభువు బల్ల తీసుకునే ఆదివారం 51వ కీర్తన చదువుతారు. జనం ఏడుస్తారు. నేనూ చాలాసార్లు ఏడ్చాను.

ఈ మొత్తంలో ఊరియా అనే పేరు ఒకసారో రెండుసార్లో వస్తుంది. కథలో చావటానికి ఒకడు కావాలి గదా, అందుకు.

ఉద్యమంలో ఉన్న మిత్రుల్లో ఆ పుస్తకం తెరవనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం కథ చెప్పాలి. సమూయేలు రెండో గ్రంథం, పదకొండో అధ్యాయం. దావీదు సైన్యం అమ్మోనీయుల పట్నం రబ్బాను ముట్టడించింది. రాజు యెరూషలేములోనే ఉండిపోయాడు. మేడమీంచి, స్నానం చేస్తున్న ఒకామెను చూశాడు. మేడమీద ఉన్నది రాజు. ఆమె మేడమీద స్నానం చేసిందని గ్రంథంలో ఎక్కడా లేదు. ఎవరని విచారిస్తే ఊరియా భార్య బత్షెబ అని చెప్పారు. తెలిసే మనుషుల్ని పంపి పిలిపించుకున్నాడు. ఈ చోట మా అమ్మ ఎప్పుడూ ఒక్కమాటే అంటుంది: "రాజు మనుషులొచ్చి వాకిట్లో నిలబడితే రానని ఎట్టంటదిరా?" మా పల్లెలో ఆ మాట ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆమెకు నెల తప్పింది. రాజు ఊరియాను యుద్ధంలోంచి పిలిపించి, క్షేమసమాచారాలడిగి, ఇంటికి పొమ్మన్నాడు. పోతే బిడ్డ అతని లెక్కలోకి పోతాడు. ఊరియా పోలేదు. మందసమూ, తోటి సైనికులూ బయట గుడారాల్లో ఉంటే నేను ఇంటికి పోయి తిని తాగి పెళ్ళాం పక్కన పడుకోనా అన్నాడు. నౌకర్లతో పాటు రాజు వాకిట్లోనే పడుకున్నాడు. మర్నాడు తాగించి చూశారు. అప్పుడూ పోలేదు. తెల్లారాక రాజు సేనాపతి యోవాబుకు ఒక ఉత్తరం రాశాడు. ఇతన్ని యుద్ధం ముమ్మరంగా ఉన్నచోట ముందు నిలబెట్టి, మీరు వెనక్కి జరిగి, చావనివ్వండని. ఆ ఉత్తరం ఊరియా చేతికే ఇచ్చి పంపాడు.

ఊరియా చనిపోయాడు. అతనితో పాటు ఇంకొందరు సైనికులు కూడా పోయారు. వాళ్ళ పేర్లు లేవు. కబురు తెచ్చినవాడితో రాజు యోవాబుకి చెప్పి పంపిందేమంటే, దీనికి బాధపడొద్దు, కత్తి ఒకసారి ఒకణ్ణి తింటుంది, మరోసారి ఇంకొకణ్ణి తింటుంది అని. ఈ భాష నాకు తెలుసు. మా పల్లెల్లో మనుషులు చచ్చినప్పుడల్లా అధికారులు వాడే భాష ఇదే. ఘర్షణ జరిగింది, దురదృష్టకరం, అంటారు. ఉత్తరం ఎవరు రాశారో, ఎవరు వెనక్కి జరిగారో ఆ భాషలో ఉండదు.

ఇంతకీ ఊరియా ఎవరు? హిత్తీయుడు. ఇశ్రాయేలువాడు కాదు. పేరు మాత్రం హెబ్రీ పేరు. యెహోవా నా వెలుగు అని దానర్థం. అంటే అతనో, అతని తండ్రో ఆ దేశం దేవుణ్ణి నమ్ముకుని ఆ పేరు పెట్టుకుని ఉండాలి. దేవుడు మారాడు, పేరు మారింది, రాజు కోసం కత్తి పట్టాడు, రాజు దగ్గర పేరుమోసిన వీరుల్లో ఒకడయ్యాడు. అయినా చచ్చినదాకా 'హిత్తీయుడైన ఊరియా'యే. ఇది చదివినప్పుడల్లా మా పల్లె బడి హాజరుపట్టీ గుర్తొస్తుంది నాకు. సువార్త, దయామణి, ఏసుదాసు, కృపారావు. ఊళ్ళో పిలుపు మాత్రం ఒకటే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడివైతే నువ్వు షెడ్యూల్డు కులంవాడివి కాదంటుంది. ఊరేమో నువ్వు ఎవరికి మొక్కినా మాదిగోడివే అంటుంది. కాగితానికొక మాట, మనిషికొక మాట. నా ఉద్యోగం కూడా ఆ సందులోంచి వచ్చిందే. దాచుకోవటానికేముంది.

నేను ఊరియా దగ్గర ఆగిపోవటానికి అసలు కారణం మాత్రం ఆ ఉత్తరం.

మా నాన్న ఒక కామందు దగ్గర జీతగాడు. 1981లో వాగు పక్కన ఎకరా ముప్పై సెంట్లకి ప్రభుత్వం నాన్న పేరున డి-ఫారం పట్టా ఇచ్చింది. అంతా రాళ్ళూ తుమ్మచెట్లూ. అమ్మా నాన్నా ఏళ్ళ తరబడి రాళ్ళేరి, కట్ట పోసి, కంది వేశారు. అక్క పెళ్ళికి కామందు దగ్గర ఎనిమిది వేలు తీసుకున్నప్పుడు, వడ్డీ లెక్క రాసుకోటానికని స్టాంపు కాగితాల మీద నాన్నతో వేలిముద్రలు వేయించుకున్నాడు. 1998లో, నేను నాలుగో తరగతిలో ఉండగా, ఒక సాయంత్రం నాన్న ఒక కవరు తెచ్చాడు. పొద్దున్నే మండలాఫీసుకి పోయి ఒక గుమాస్తా చేతికివ్వాలంట, కామందు పని. బస్సు చార్జీ కూడా ఇచ్చాడని సంబరంగా చెప్పాడు. అప్పుడు వానలు. మా ఇంటికప్పు కారుతుండేది. ఇంట్లో తడవని చోటు ఒకటే, బైబిలు పెట్టుకునే చెక్కపెట్టె. నాన్న ఆ కవర్ని బైబిల్లో పెట్టాడు.

రాత్రి ప్రార్థనకి బైబిలు చదివేది నేనే. ఇంట్లో చదువొచ్చింది నాకొక్కడికే. కవరు తీసి పక్కన పెట్టి, అధ్యాయం చదివి, మళ్ళీ కవరు లోపల పెట్టి మూశాను. కవరు అంటించి లేదు. మా ఇంటికొచ్చే కాగితాన్ని అంటించాల్సిన పని లేదనుకున్నాడు కామందు. "అదేంది నాన్నా" అంటే, "పెద్దోళ్ళ కాగితంలే, తాకమాక" అన్నాడు. పొద్దున్నే ఉతికిన చొక్కా తొడుక్కుని, కవరు జేబులో పెట్టుకుని, మాటిమాటికీ జేబు తడుముకుంటూ బస్సు కోసం పోయాడు.

ఆ ఏడు నుంచి అడంగల్లో అనుభవదారు గడిలో కామందు పేరుంది. నాన్నకి రెండేళ్ళు తెలియలేదు. 2000 వేసవిలో ట్రాక్టరొచ్చి చేలో దిగితే అడ్డంపోయిన నాన్నని, "నువ్వే అమ్మావు, కాగితం నువ్వే తీసకపోయి ఇచ్చావు గదరా" అన్నారు. ఆ రెండో ముక్క అబద్ధం కాదు. నాన్నని తిన్నది అదే అనుకుంటాను. ఎవడన్నా మోసం చేస్తే కోపమొస్తుంది. తన చేత్తో తానే మోసుకుపోయాడంటే సిగ్గేస్తుంది. కోపమొచ్చినవాడు పదిమందిలోకి పోతాడు. సిగ్గుపడ్డవాడు ఇంట్లో కూర్చుంటాడు. నాన్న ఎక్కడా ఫిర్యాదు చెయ్యలేదు. 2011లో పోయాడు.

మరుసటేడు సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు నకలు తీసుకున్నాను. ఉత్తరం అందులోనే ఉంది. కామందు చేతిరాత. సదరు భూమి తనకి స్వాధీనం చేశారనీ, వేలిముద్రల కాగితం జతపరిచాననీ, పేరు ఎక్కించమనీ. ఆఖర్న ఒక వాక్యం: 'తెచ్చినవాడే సదరు మనిషి, అతనికేమీ చెప్పనక్కరలేదు.' నాలుగో తరగతి పిల్లాడికి అర్థమయ్యే తెలుగే. కూడబలుక్కునైనా చదివుండేవాణ్ణి.

చట్టం మా వైపే ఉంది, ఆ మాట కూడా చెప్పాలి. 1977లో వచ్చిన అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం లెక్కన 1998లో ఆ భూమిని నాన్న నిజంగా అమ్మినా అది చెల్లదు. కొన్నవాణ్ణి లేపి పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి అప్పగించాలి. అది తెలిసీ ఆ నకలు కాగితాల్ని ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఉద్యోగం కొత్త. కామందు బంధువులు అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నారు. పిల్లలకి ధైర్యం గురించి పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి బీరువా వంక చూడకుండా అన్నం తినేవాణ్ణి. కవరు అంటించి లేదన్న సంగతి ప్రార్థనలో దేవుడి దగ్గర ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్కలేదు. అమ్మకి చెప్పలేదు.

కామందు ఈ మధ్యకాలంలో క్రైస్తవుడయ్యాడు. భార్యకి జబ్బుచేసి, ప్రార్థన చేయించుకుంటే నయమైందని బాప్తిస్మం తీసుకున్నాడు. 2019లో మా పక్క ఊళ్ళో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెట్టారు. మూడోరోజు ఆయన సాక్ష్యం. నేను దావీదులాంటివాణ్ణి, పేదోళ్ళని బాధపెట్టాను, దేవుడు నన్ను క్షమించాడు అని ఏడ్చాడు. దొంగ ఏడుపు అనను. నేను ముందు వరసలోనే ఉన్నాను, అవి నిజమైన కన్నీళ్ళే. జనం హల్లెలూయ అన్నారు. ఎవరో ప్రసంగీకుడి చెవిలో ఏదో చెప్పారు. ఆయన మా అమ్మని ముందుకు పిలిచాడు. "అమ్మా, ప్రభువు క్షమించాడు. నువ్వూ క్షమించానని ఒక్కమాట చెప్పు" అని మైకు అమ్మ నోటి దగ్గర పెట్టాడు.

అమ్మ కొంచెంసేపు నేలకేసి చూసింది. తర్వాత, "అయ్యగారూ, నాతాను చెప్పిన కతలో గొర్రెపిల్ల పోగొట్టుకున్నాయన ఏమయ్యాడండీ?" అంది.

నాతాను ప్రవక్త. రాజు దగ్గరకొచ్చి ఒక కథ చెబుతాడు. ఒక ఊళ్ళో ఒక ధనవంతుడు, ఒక పేదవాడు. ధనవంతుడికి గొర్రెలూ గొడ్లూ కొల్లలు. పేదవాడికి ఒకటే ఆడగొర్రెపిల్ల. పిల్లలతో పాటు పెరిగింది, వాడి గిన్నెలోనే తాగింది, వాడి ఒళ్ళోనే పడుకుంది. ధనవంతుడికి చుట్టమొస్తే తన మందలోంచి తీయబుద్ధికాక, ఆ పేదవాడి గొర్రెపిల్లని కోయించాడు. దావీదుకి పట్టరాని కోపమొచ్చింది. అలాంటివాడు చావదగినవాడు, గొర్రెపిల్లకి నాలుగింతలు తిరిగివ్వాలి అన్నాడు. ఆ మనిషివి నువ్వే, అన్నాడు నాతాను. దావీదు యెహోవాకు విరోధంగా పాపం చేశానని ఒప్పుకున్నాడు.

ప్రసంగీకుడు నవ్వి, "అది ఉపమానం గదమ్మా" అన్నాడు.

"ఉపమానమేనండీ. నాలుగింతలియ్యాలని రాజుగారే అన్నాడు గదా. ఇచ్చాడా అని."

మైకు తీసేశారు. పాట ఎత్తుకున్నారు.

అమ్మ అడిగినదాన్ని ఆ రాత్రి పుస్తకంలో వెతికాను. ఆ తర్వాత చాలా రాత్రులు వెతికాను. నాలుగింతలు అన్నది దావీదు కోపంలో అన్న మాట కాదు, మోషే ధర్మశాస్త్రంలో గొర్రెని దొంగిలించినవాడికి వేసిన లెక్క. తీర్పు రాజు నోటే వచ్చింది. ఆ తర్వాత రాజు నోట రానిది ఒకటుంది, ఊరియా పేరు. నాతాను ఆ పేరు ఎత్తాడు. దావీదు ఎత్తలేదు. 51వ కీర్తన పైన నాతాను వచ్చిన సంగతి ఉంది, బత్షెబ పేరుంది. ఊరియా లేడు. కీర్తన లోపల, నీకొక్కడికే విరోధంగా పాపం చేశానని దేవుడితో అంటాడు. చావబోతూ కొడుకు సొలొమోనుకి, యోవాబు చేసిన హత్యలు మర్చిపోవద్దని లెక్క అప్పజెబుతాడు. అబ్నేరు, అమాశా. అక్కడితో ఆగింది లెక్క. మూడోవాడి పేరు చెబితే ఉత్తరం సంగతి చెప్పాలి.

దావీదుని తక్కువ చెయ్యటానికి ఇది రాయటం లేదు. మొహం మీద నువ్వే అన్నవాణ్ణి చంపించకుండా తలవంచిన రాజు లోకంలో ఎంతమంది? మా మండలంలో ఒక సర్పంచి కూడా అంత పని చెయ్యడు. ఆ మారుమనస్సు నిజమైందే. నా ప్రశ్న దేవుడు క్షమించాడా లేదా అని కాదు. అది వాళ్ళిద్దరి మధ్య సంగతి. ఊరియాకి ఉన్న బాకీని దేవుడితో మాట్లాడి కొట్టివేయించుకోవచ్చా అన్నదే నా ప్రశ్న. దావీదు నలుగురు కొడుకులు పోయారు, నాలుగింతలు అట్టా తీరింది అని చెప్పే బోధకులున్నారు. నేనీ లెక్క ఒప్పుకోను. చచ్చిన నలుగురిలో ఒకడు వారం రోజుల పసిగుడ్డు. రాజు ఇంట్లో ఎంతమంది చస్తే మాత్రం పేదవాడి దొడ్లోకి ఏం చేరింది?

మా అయ్యగారితో ఈ మాటంటే, "మాస్టారూ, అది ధర్మశాస్త్రం, మనం కృప కింద ఉన్నాం" అన్నాడు. మరి జక్కయ్య? అతను సువార్తలోవాడే. పన్నులు గుంజి బతికిన మనిషి. యేసు ఇంటికొస్తే, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకి నాలుగింతలు తిరిగిస్తానని నిలబడి చెప్పాడు. ఆ మాట అన్నాకనే ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. నీ మీద సోదరుడికి ఏదన్నా ఉందని గుర్తొస్తే అర్పణని బలిపీఠం ముందే వదిలిపెట్టి, ముందు పోయి అతనితో సమాధానపడమన్నదీ ఆయనే. మా కూటాల్లో వరస తిరగబడింది. అర్పణ ముందు అయిపోతోంది. సోదరుణ్ణి స్టేజీ మీదికి పిలిపిస్తున్నారు.

ఇటు ఉద్యమంలోని మిత్రులేమో ఆ పుస్తకాన్నే వదిలెయ్యమంటారు. బానిసలకి ఓర్పు నేర్పే పుస్తకం అంటారు. ప్రసంగాలు వింటే నిజమే అనిపిస్తుంది. కానీ ఆ పుస్తకం ఊరియాని మర్చిపోలేదే! దావీదు వీరుల జాబితా చూడండి. అందరి పేర్లూ అయ్యాక, ఆఖరి పేరు హిత్తీయుడైన ఊరియా, మొత్తం 37 మంది అని ముగుస్తుంది. రాజుల మొదటి గ్రంథంలో దావీదుని మెచ్చుకుంటూ, హిత్తీయుడైన ఊరియా సంగతి ఒక్కటి తప్ప అని రాశారు. మత్తయి యేసు వంశావళి రాస్తూ సొలొమోను తల్లి దగ్గరకొచ్చేసరికి బత్షెబ అనలేదు, ఊరియా భార్యగా ఉన్నామె అన్నాడు. వెయ్యేళ్ళ తర్వాత కూడా రాజు పెళ్ళాం అనలేదు. రాసినవాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. బోధించేవాళ్ళు మర్చిపోయారు. ఆ పొరపాటుకి పుస్తకాన్ని ఎందుకు వదలాలి నేను?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, మిగిలినవాళ్ళు పరిగెత్తి చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజున గుడి నిజంగా గుడి అయ్యింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. చుండూరు తీర్పు వచ్చిన ఆదివారం మా గుడిలో క్షమాపణ మీద ప్రసంగం. ఎవర్ని క్షమించాలి? మేం చేశామని ఒకడన్నా వచ్చి నిలబడితే గదా. కత్తి ఒకసారి ఒకణ్ణి, మరోసారి ఇంకొకణ్ణి.

మైకు సంగతి జరిగిన రాత్రి అమ్మని అడిగాను, క్షమించలేదా అని. "ఎప్పుడో క్షమించా. మీ నాయన పోయిన ఏడే దేవుడికి చెప్పా" అంది. "మరి ఆయనకి చెప్పొచ్చు గదా?" అంటే, "ఆయన నన్నడగలా. ఆయనా దేవుడికే చెప్పుకున్నాడు. నేనూ దేవుడికే చెప్పుకున్నా. ఆయన నా దగ్గరికొస్తే నేనూ ఆయనకి చెబుతా" అంది.

ఆమె ఎదురుగా కూర్చుని నేనేం చేస్తున్నానో అప్పుడు తెలిసొచ్చింది నాకు. నేనూ దేవుడికే చెప్పుకున్నవాణ్ణి. అయినా ఆ రాత్రి నోరు రాలేదు.

కామందు రాలేదు. దారిలో కనపడితే "వందనాలమ్మా" అంటాడు. అమ్మ కూడా "వందనాలండీ" అంటుంది. చేలో ఇప్పుడు ఆయన మనవడు సుబాబులు వేశాడు.

పోయిన వేసవి సెలవుల్లో తహసీల్దారుకి అర్జీ రాశాను. పట్టా నకలు, అడంగలు నకళ్ళు, ఆ ఉత్తరం నకలు జతపెట్టి, అమ్మ పేరున. అమ్మ పెరట్లో కందిపప్పు చెరుగుతోంది. పక్కన పీట వేసుకుని కూర్చుని, అర్జీ చదివేముందు చెప్పాను. ఆ రాత్రి కవరు అంటించి లేదమ్మా, నేను తీసి పక్కన పెట్టాను, చదవగలను, చదవలేదు అని. అమ్మ చాట ఆపింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాన్న చొక్కా జేబు తడుముకుంటూ పోవటం ఆమె కూడా చూసింది.

"సరే, ముందు ఆ అర్జీ చదువు" అంది.

చదివాను. భూమి హద్దుల దగ్గర ఆపి, తూర్పున వాగు గాదు, వాగు కట్ట అని దిద్దించింది. నాన్న పేరొచ్చిన చోట మళ్ళీ చదవమంది. ఉత్తరంలోని ఆఖరి వాక్యం నేను అర్జీలో ఎత్తి రాశాను, అది కూడా రెండుసార్లు చదివించుకుంది. అంతా అయ్యాక చేతులు కొంగుకి తుడుచుకుని ఎడంచేతి బొటనవేలు చాపింది.